కనకలక్ష్మిగారి పుక్కిట నీళ్లు

కనకలక్ష్మిగారు నోరు మూసుకుని కూర్చోగలరంటే మియాపూర్‌లో ఎవరూ నమ్మరు. గచ్చిబౌలి బస్సెక్కిన మనిషి కొత్తగూడ దాటేలోపు పక్కసీటు అమ్మాయికి సంబంధం, వెనకసీటు పెద్దాయన మోకాళ్లకు నూనె, నిలబడ్డ కుర్రాడికి ఉద్యోగం మారే ఉపాయం చెప్పేసి ఉంటారు. వాళ్లెవరైనా అడిగారా అంటే, పాపం, ఎవరూ అడగలేదు. కాకినాడలో పుట్టిన మనిషి. ఎదుటివాళ్లు బాధలో ఉంటే ఊరుకోవడం పాపమని ఆవిడ గట్టి నమ్మకం.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా ఏళ్లు హెచ్.ఆర్. చూశారు. రాజీనామా ఇచ్చినవాళ్లు ఆఖరి రోజున ఆవిడ గదికొచ్చి ఎందుకు మానేస్తున్నారో చెప్పాలి. వాళ్లను చెప్పనిస్తేగా. ఎందుకు మానేస్తున్నారో ఈవిడే చెప్పేవారు. ఆ ధాటికి ఒకరిద్దరు రాజీనామా వెనక్కి తీసుకున్నారు కూడా. దాంతో తనకు మనసులు బాగుచేసే చెయ్యి ఉందని ఆవిడకు అనిపించింది. ఉద్యోగం వదిలి, మళ్లీ చదివి, పరీక్షలు రాసి, గచ్చిబౌలిలో ఒక టిఫిన్ సెంటర్ పైన చిన్న గది తీసుకుని కౌన్సెలర్‌గా బోర్డు పెట్టారు.

ఆవిడకు పని నేర్పిన శిరీష, వయసులో కూతురంతటిది. మొదటి నెల మర్యాదగా చెప్పింది, రెండో నెల విసిగిపోయింది.

"ఆంటీ, మీ దగ్గరికొచ్చినవాళ్లు మాట్లాడాలి. మీరు కాదు."

"నేనెక్కడ మాట్లాడుతున్నానమ్మా, ఊరికే దారి చూపిస్తున్నానంతే."

"అదే వద్దంటున్నాను."

అప్పుడు కనిపెట్టారు కనకలక్ష్మిగారు తన మందు. బల్లమీద చెంబుతో నీళ్లు పెట్టుకునేవారు. సలహా నాలుకమీదికి రాగానే ఒక గుక్క పుక్కిట పట్టి కూర్చునేవారు. బుగ్గలు ఉబ్బి ఉంటాయి, అది వేరే సంగతి. నోరైతే పెగలదు కదా.

అలాంటి రోజుల్లో ఆదర్శ్ వచ్చాడు. కోకాపేటలో ఆఫీసు, తణుకు పిల్లాడు, మహా బుద్ధిమంతుడు. నిద్ర పట్టదు, ఉన్నట్టుండి ఏడుపొస్తుంది, ఎందుకో తెలియదు. ఒక వారం గడిచాక "కొంచెం నిద్ర పట్టిందండీ" అన్నాడు. కనకలక్ష్మిగారు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ప్రతి గురువారం కుర్రాడు మెరుగుపడుతూనే వచ్చాడు. రోజూ నడవమంటే నడిచాడు, చేతి గడియారంలో అడుగుల లెక్కలు చూపించాడు. ఇంత చక్కటి పేషెంటు ఎవరికి దొరుకుతాడు. ఇంకో రెండు వారాలు చూసి ముగిద్దామని ఆవిడే చెప్పేశారు. ఆఖరిరోజు పంచడానికి కాకినాడ నుంచి కాజాలు కూడా తెప్పించారు.

ఆ ఆఖరిదానికి ముందు గురువారం, ఆదర్శ్ రావలసిన సమయానికి ఇంకెవరో కుర్రాడు లోపలికొచ్చి నమస్తే పెట్టాడు.

"నేను ఆదర్శ్ రూమ్మేట్‌ని మేడం, ఆకాష్. వానికి ఇయ్యాల ఆఫీసుల రిలీజ్ ఉంది, రానీకి కుదరలే. వాని అప్‌డేట్ నేనిచ్చిపోత."

కనకలక్ష్మిగారు తెల్లబోయారు. "అప్‌డేటేమిటి బాబూ?"

"మా ఆఫీసుల గంతే మేడం. ఒకడు లేకుంటే ఇంకొకడు స్టేటస్ చెప్తడు. ఏం చెప్పాల్నో వాడు అంత అప్పజెప్పిండు."

"ఇక్కడ అలా కుదరదమ్మా. ఇంకొకరి గురించి నేను నీతో మాట్లాడను."

"మీరేం మాట్లాడకుండ్రి మేడం. నేను చెప్పిపోత, గంతే."

పంపేయాల్సిందే. పంపేద్దామని లేచారు కూడా. కానీ వాడప్పటికే సోఫాలో సర్దుకున్నాడు. ఎక్కడ ఆదర్శ్ గురించి నోరు జారతానో అని ఆవిడ భయపడి పెద్ద గుక్క పుక్కిట పట్టారు.

"నిద్ర గ్రీన్. తిండి గ్రీన్. ఏడుపు బంద్. మొత్తంగ సూపర్ మేడం." ఆకాష్ ఆగాడు. ఈవిడ ఉబ్బిన బుగ్గలతో చూస్తూ కూర్చున్నారు. వాడు కాలు ఊపాడు, ఐడీ కార్డు తిప్పాడు, ఫ్యాను వైపు చూశాడు. "మీరు గట్ల చూస్తుంటే పరేషానైతుంది మేడం. సరే, ఉన్నది చెప్త. గదంత అబద్ధం."

కనకలక్ష్మిగారి బుగ్గలు ఇంకాస్త ఉబ్బాయి.

"వాడు నిద్రపోతలేడు. బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తడు. ఆ సప్పుడుకు నాకు ఇనబడదనుకుంటడు. మీరు నడవమన్నరంట గద, వాచీ నా చేతికి కట్టిండు. బొటానికల్ గార్డెన్‌ల నేను తిరుగుతున్న. ఊపిరి పీల్చుడు నేనే చేస్తున్న. పొద్దుగాల లేచి మంచి మాటలనుకునుడు గూడ నాకే పడ్డది. అబద్ధమెందుకు మేడం, నాకైతే మస్తు ఫాయిదా అయింది. కోపం తగ్గింది, పొట్ట తగ్గింది, మా మేనేజర్ గూడ మంచోడు లెక్క కనబడుతుండు."

నీళ్లు ఆగలేదు. ఒక్క ఉదుటున ఆకాష్ చొక్కా, ఐడీ కార్డు, సోఫా దిండు తడిసిపోయాయి.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, బయట ఎండ మస్తుంది," అని వాడే ఆవిణ్ణి ఓదార్చాడు.

దగ్గు తగ్గాక ఆవిడ ఒక్క మాటే అడిగారు. "ఎందుకలా చేశాడు?"

"నిద్ర పట్టిందంటే మీరు చప్పట్లు కొట్టినరంట. ఇగ పట్టలేదని చెప్పనీకి వానికి మనసొప్పలే. మేడం మొహం చిన్నబోతదిరా అంటడు."

ఇక్కడ చెప్పిందేదీ తన నోటి నుంచి బయటికి పోదని, ఆదర్శ్‌కు చెప్పాల్సింది నువ్వేనని ఆకాష్‌కు చెప్పి పంపించారు. తర్వాత తడిసిన దిండు తీసి ఆరబెట్టారు. చచ్చేంత సిగ్గేసింది. ఆ పిల్లాడు తన బాధ మోయలేక వస్తే, ఈవిడ సంతోషం కూడా వాడి నెత్తినే పడింది. వచ్చే గురువారం కాజాలు తిని వెళ్లిపోతే వాడికి మిగిలేది ఆ నల్లా నీళ్ల చప్పుడు ఒక్కటే. ఇంకెవరి దగ్గరికీ వెళ్లడు కూడా.

ఇంటికెళ్లి భర్త భీమేశ్వరరావుగారి ఎదుట కూలబడ్డారు. ఆయన కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈవిడ ఏం చెప్పినా ఆయన జవాబు ఒకటే.

"ఏమండీ, ఎదుటివాళ్లు బాగుపడితే నేను సంతోషించడం తప్పా?"

"ఊఁ."

"ఊఁ అంటే అవుననా కాదనా?"

"ఊఁ."

ఒళ్లు మండింది ఆవిడకు. మండుతూండగానే ఒక సంగతి తట్టింది. అత్తగారి మీద కోపం, ప్రమోషన్ రానప్పటి ఏడుపు, ఎవరికీ చెప్పుకోలేని కుళ్లు, అన్నీ ఈ మనిషికే చెప్పుకున్నారు. మంచి చెప్పినా చెడు చెప్పినా ఆ మొహం మారదు. మారదు కాబట్టే చెప్పగలిగారు. ఆ రోజు ఆయనకు ఇంకో గరిటె పప్పు ఎక్కువ వడ్డించారు. ఎందుకో ఆయనకు తెలియలేదు.

గురువారం ఆదర్శ్ నవ్వుతూ వచ్చాడు. కళ్లకింద నలుపు, గడ్డం నున్నగా. "చాలా బాగుందండీ ఈ వారం. మీ దయవల్లేనండీ."

కనకలక్ష్మిగారి చేతులు చప్పట్లకు లేవబోయాయి. చీర చెంగు పట్టుకుని ఆపుకున్నారు.

"ఆకాష్ వచ్చాడు కదాండీ. అంతా బాగుందనే చెప్పాడాండీ?"

"ఏం చెప్పాడో అతన్నే అడుగు నాన్నా. నేను చెప్పేది వేరు. నువ్వు బాగాలేనన్నా నాకేం కాదు. శుభ్రంగా భోంచేసే వచ్చాను. నన్ను సంతోషపెట్టే పని ఇవాళ్టి నుంచి నీకు లేదు."

అని గుక్క పుక్కిట పట్టారు. కుర్రాడి నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా దిగింది. కింద టిఫిన్ సెంటర్లో గిన్నెలు మోగాయి. వాడు ఆవిడ మొహంలోకి చూశాడు, నేలవైపు చూశాడు, మళ్లీ మొహంలోకి చూశాడు. ఎక్కడా ఏమీ చిన్నబోలేదు.

"నిద్ర లేదండీ," అన్నాడు. "ఒక్కరోజూ లేదండీ."

ఆవిడ నీళ్లు మింగారు. "ఊఁ."

అంతే, వాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఈసారి పక్కన నల్లా లేదు. సమయం దాటిపోయినా ఆవిడ ఒక్క సలహా ఇవ్వలేదు. కాజాల పెట్టె మూత తీయలేదు.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు ఆదర్శ్. "మేడం, వచ్చే వారం ఇంకా ఘోరంగా ఉంటేనండీ?"

"ఘోరంగానే రా," అన్నారు కనకలక్ష్మిగారు. "కానీ నువ్వే రా నాన్నా, ఆకాష్‌ని పంపకు."