రింగు మూలన పెద్దయ్య

పెద్దయ్య భుజాన తువ్వాల వేసుకోక ఇరవై రెండేళ్లయింది. బొంబాయి కామాటిపుర తొమ్మిదో గల్లీలో, గోడలకు సిమెంటు గిలాబు చేసే తెలుగు మేస్త్రీ భుజాన తువ్వాల లేకుండా తిరగడమంటే వింతే. కొత్తవాళ్లెవరైనా కారణం అడిగితే, ఆయనుండే వరుస గదుల చాలీలో ఎవరో ఒకరు నవ్వేవారు. "ఆయన తువ్వాల రింగుల ఇసిరేసిండు. ఇంకా దొరకలే."

ఆ విసరడం 1963లో జరిగింది. అదే చాలీ కుర్రాడు రాజమల్లు బాక్సింగులో నగరం ఫైనల్ దాకా వెళ్లాడు. పగలంతా ఇటుకలు మోసి, సాయంత్రం ఇసుక సంచిని గుద్దే మనిషి. అతనికి ఆట నేర్పిందీ, రింగు మూలన నిలబడి నీళ్లు తాపిందీ, వాపులకు ఐసు పెట్టిందీ పెద్దయ్యే. మొదటి రెండు రౌండ్లూ రాజమల్లువే. మూడో రౌండులో ఎడమ కన్ను మూసుకుపోయింది. ఆ వైపు నుంచి వచ్చే దెబ్బ అతనికి కనబడటం లేదని పెద్దయ్య ఒక్కడికే అర్థమైంది. భుజం మీది తువ్వాల తీసి రింగులోకి విసిరాడు. మావాడు ఓడిపోయాడు, ఆట ఆపండి అని దానర్థం.

గెలిచేవాణ్ణి ఓడగొట్టాడని చాలీ అంతా దుమ్మెత్తిపోసింది. రింగు ముఖం చూడనివాళ్లు కూడా తీర్పులు చెప్పారు. రాజమల్లు మాత్రం ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. ఇద్దరిదీ ఒకే వరండా, ఒకే కుళాయి. ఎదురుపడితే బిందె వంక చూసేవాడు. తిట్టినా బాగుండేదని పెద్దయ్య తన భార్య రత్నాబాయితో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఇలా ఉండగా 1985లో, చాలీలోనే పుట్టి సినిమావాళ్ల దగ్గర పని నేర్చుకున్న శంకర్రావు రాజమల్లు జీవితం మీద సినిమా తీశాడు. విడుదలకు ముందే మనవాళ్లు చూసి మంచిచెడ్డలు చెప్పాలన్నాడు. ఒక ఆదివారం పొద్దున చాలీ సంఘం గదిలో టీవీ, వి.సి.ఆర్. పెట్టించాడు.

పెద్దయ్య రానని మొండికేశాడు. "నన్ను దొంగను జేసి సూపిస్తడే. ఊరూరూ సూస్తది."

"పోకుంటె తప్పు ఒప్పుకున్నట్టె అయితది. నడువు," అంది రత్నాబాయి.

సినిమా మొదలైంది, దానితోపాటే వ్యాఖ్యానాలూ మొదలయ్యాయి. తల్లి వేషం వేసినామెను చూసి రాజమల్లు భార్య గంగాబాయి మూతి తిప్పింది. "సున్నం తట్ట మోసేదానికి గంత మంచి చీరెనా? మా అత్త సూస్తె నవ్వి సస్తుండె." కానీ ఇటుకలు మోసే చోట, మేడ మీద సాము చేసే చోట అందరూ నోళ్లు మూసుకుని చూశారు. ఉన్నమాట చెప్పాలంటే శంకర్రావు బాగానే తీశాడు.

ఫైనల్ వచ్చింది. పెద్దయ్య ముందుకు వంగి చూశాడు. రౌండు ముగిసి హీరో తన మూలకు వచ్చాడు. అక్కడ స్టూలు ఉంది, మనిషి లేడు. హీరో తనే సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగాడు. లేచి వెళ్లి ఒక్క గుద్దుతో గెలిచాడు. చప్పట్లతో గది దద్దరిల్లింది.

దొంగగా చూపిస్తారని భయపడ్డాడు పెద్దయ్య. అసలు మనిషినే లేకుండా చేశారు. ఇరవై రెండేళ్లుగా పడ్డ ఏ మాటా అంత నొప్పి పెట్టలేదు. లేచి గుమ్మం వైపు నడిచాడు.

"ఆపు!" అన్నాడు ముందు వరుసలో కూర్చున్న రాజమల్లు. టీవీ ఆగింది, పెద్దయ్యా ఆగాడు.

"ఏమైంది కాకా? మంచిగ లేదా?" అని రాజమల్లును అడిగాడు శంకర్రావు.

"మంచిగనే ఉన్నది. మా మోత, మా గల్లి, సరిగ్గ తీసినవ్. గని నీళ్ల కాడ తప్పు తీసినవ్. గ్లోజులు తొడుక్కున్న చేతులతోని సీసా ఎట్ల ఎత్తుతడు? పండ్లకు పెట్టుకున్న రబ్బరు నోట్లకెంచి ఎవలు తీసిన్రు? నాకు నీళ్లు తాపినోడు ఏడి?"

శంకర్రావు నసిగాడు. "ఆ ఫైనల్ సంగతి అడిగితె నీ ఇష్టమొచ్చినట్టు తీసుకొమ్మని నువ్వే అంటివి గద కాకా. తువ్వాల సూపిస్తె నువ్వు ఓడిపోతవ్. హీరో ఓడిపోతె ఎవడు సూస్తడు?"

"నేను సూస్తున్న గద!" రాజమల్లు ఎడమ కన్ను కింద వేలు పెట్టుకున్నాడు. "ఇంకొక్క దెబ్బ పడితె ఈ కన్ను పోయేదని తెల్లారి డాక్టరు జెప్పిండు. గప్పటి సంది నాకు ఎరుకే. అన్న చేసింది మంచిదంటె, నేను ఓడిన్నని ఒప్పుకోవాలె. సిగ్గయింది. నోరు రాలే."

"గీ ముక్క జెప్పనీకి సినిమా తియ్యాల్నా?" అని గంగాబాయి నెత్తి కొట్టుకుంది.

"మల్ల తియ్యి బిడ్డా. తువ్వాల పెట్టు. ఓడిపోతె ఓడిపోని," అన్నాడు రాజమల్లు. శంకర్రావు తల గోక్కుని సరేనన్నాడు.

అప్పుడు రాజమల్లు గుమ్మం వైపు తిరిగాడు. వెనకటి రోజుల్లో రౌండు ముగియగానే ఒగరుస్తూ వచ్చి అడిగినట్టే అడిగాడు.

"అన్నా, నీళ్లు."

పెద్దయ్య కుండలో చెంబు ముంచి తెచ్చాడు. తనే తాపాడు. సగం నీళ్లు రాజమల్లు చొక్కా మీదే ఒలికాయి. మూతి తుడుద్దామని పాత అలవాటుగా భుజం తడుముకున్నాడు. చేతికి ఏమీ తగల్లేదు.

రత్నాబాయి కళ్లు ఒత్తుకుంటూ, రేపే బజారుకు పోయి తువ్వాల తెస్తానంది.