ఖాళీ పళ్ళెం తూకం

మా పెదనాన్న గదిలో గోడ గడియారాలు రెండుంటాయి. ఒకటి టైము చూసుకోవడానికి, రెండోది మొదటిది నిజం చెబుతోందో లేదో చూడటానికి. తూనికలు, కొలతల ఆఫీసులో ముప్పై ఒక్కేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. పాల ప్యాకెట్టు విప్పకముందే కాటా మీద పెడతాడు. దర్జీ చొక్కాకి కొలతలు తీస్తుంటే, ఆ దర్జీ టేపుని తన టేపుతో కొలుస్తాడు. వీధిలో ఆయన పేరెవరికీ గుర్తులేదు, అందరికీ కాటా గారే.

ఆయన చెప్పుకునే గొప్ప కథ ఒకటుంది. ఆయన ఇంట్లోనే పై వాటాలో మా కాపురం కాబట్టి నేను వందసార్లు విన్నాను. ఒక గోదాములో రైతుల దగ్గర కొనే బస్తాలు తూచే కాటా. ఖాళీగా ఉంటే ముల్లు సరిగ్గా సున్నా మీద నిలబడేదట. ఐదు కిలోల రాయి పెడితే ఐదు చూపించేదట. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు చూసి ముద్ర వేసి వెళ్ళారు. మా పెదనాన్న నాలుగు బస్తాలు ఒకేసారి ఎత్తించాడు. ముల్లు పన్నెండు కిలోలు తక్కువ చూపించింది. “ఖాళీ పళ్ళెంలో దొంగ దొరకడమ్మా, బరువు మోపితేనే దొరుకుతాడు” అని ముగిస్తాడు. ఆ మాట మీరు గుర్తుంచుకోండి, ఆయనెలాగూ మర్చిపోయాడు.

ఇంట్లో కంప్యూటరు ఒకటే, వాడేవాళ్ళు ఇద్దరు. మా పెద్దమ్మ డ్రాయింగు టీచరుగా చేసింది, ఇప్పుడు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తోంది. ఉదయమంతా కంప్యూటరు ఆవిడది. మధ్యాహ్నం పెదనాన్నది. ఆయన వీధి గ్రంథాలయానికి కార్యదర్శి, అక్కడి పుస్తకాల జాబితా అంతా ఆయన చేతిలోనే ఉంటుంది. ఈ మధ్య కంప్యూటరు మరీ మొరాయిస్తోందని పెద్దమ్మ తమ్ముణ్ణి పిలిచింది. ఆ తమ్ముడికి, అంటే మా మావయ్యకి, వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది.

“ర్యామ్ చాలట్లేదక్కా. నాలుగు జీబీలే ఉంది, ఇంకో నాలుగు వేస్తాను” అన్నాడు మావయ్య. వేలెడు పొడుగున్న ఆకుపచ్చ ముక్క తెచ్చి, కంప్యూటరు డబ్బా మూత విప్పి, నవ్వుతూ, ఈల వేస్తూ పని మొదలుపెట్టాడు. పెదనాన్న పక్కనే నిలబడి చూస్తూ, మధ్యలో కళ్ళజోడు తెచ్చుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళాడు. ఒక్క నిమిషం. తిరిగొచ్చేసరికి మూత బిగించేసి ఉంది.

ఆ ఒక్క నిమిషమే కొంప ముంచింది.

“స్క్రీను మీద ఎనిమిది అని చూపిస్తోంది కదా పెదనాన్నా” అన్నాను నేను.

“డబ్బా మీద కిలో అని రాస్తే లోపల కిలో ఉన్నట్టా? రాత ఎవడైనా రాస్తాడు. తూకంలో తెలుస్తుంది.”

ఆయన మామూలు మనిషి కాదు కదా, ర్యామ్ వేయకముందే మూడు రోజులు కొలతలు తీసి నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. సర్వీసులో వాడిన స్టాప్‌వాచీ ఉంది. మీట నొక్కిన దగ్గర్నుంచి స్క్రీను వెలిగేదాకా రెండు నిమిషాల ఎనిమిది సెకన్లు. పుస్తకాల జాబితా తెరుచుకోవడానికి పదకొండు సెకన్లు. కొత్త ముక్క వేశాక మళ్ళీ కొలిచాడు. రెండు నిమిషాల ఆరు సెకన్లు. జాబితాకి అదే పదకొండు.

“చూశావా? ముల్లు కదల్లేదు!” అన్నాడు. ఆ గొంతులో బాధ కంటే సంతోషమే ఎక్కువగా వినిపించి నాకు ఒళ్ళు మండింది.

ఆయన కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. తూచే ముందు పళ్ళెం తుడవాలి, అది సర్వీసు నియమం. కాబట్టి మధ్యాహ్నం కుర్చీలో కూర్చోగానే పెద్దమ్మ తెరిచి ఉంచిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే మూసేసేవాడు. స్క్రీను బోసిగా అయ్యాకే వాచీ నొక్కేవాడు. ఒకటి తెరిస్తే దాన్ని మూసిగానీ రెండోది తెరవడు. రెండు కాగితాలు పక్కపక్కన ఉంటే ఒకదాని లెక్క ఇంకోదాంట్లో కలుస్తుందని ఆయన భయం. పెద్దమ్మ రోజూ గొణుక్కుంటూ మళ్ళీ అన్నీ తెరుచుకునేది.

“నాకు బాగానే ఉందండీ ఇప్పుడు, చకచకా నడుస్తోంది” అని ఆవిడ చెప్పకపోలేదు.

“నువ్వు వాడి అక్కవి. నీ సాక్ష్యం చెల్లదు.”

“పోనీ వాణ్ణే అడగండి.”

“తనిఖీకి ముందు దుకాణదారుకి కబురు పెడతారా ఎక్కడైనా?”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంట్లో జరిగే ముచ్చటే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ గ్రంథాలయంలో పది కంప్యూటర్లున్నాయి. వచ్చే మూడేళ్ళు వాటిని ఎవరు చూసుకోవాలో ఆదివారం సంఘం నిర్ణయిస్తుంది. మావయ్య దరఖాస్తు పెట్టాడు. ఆయన కొట్టుకి ఎదురుగా అద్దాల తలుపులతో పెద్ద షాపొకటి వచ్చాక ఇటువైపు తొంగిచూసేవాళ్ళు తగ్గిపోయారు. “ఈ పని రాకపోతే వాడు కొట్టు మూసేస్తాడే” అని పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని నాతో అంటూ కళ్ళు తుడుచుకుంది. కార్యదర్శి మాట మీదే అంతా ఆధారపడి ఉంది. ఆ కార్యదర్శేమో గురువారం నాడు సంఘం అధ్యక్షురాలికి ఉత్తరం రాశాడు. ‘కొత్త ర్యామ్ వల్ల మార్పు కనిపించలేదు. అసలు వేశారనడానికి ఆధారం లేదు. వివరాలు ఆదివారం సమర్పిస్తాను.’

ఉత్తరం కవరులో ఉన్నా మాటకి కాళ్ళొస్తాయి. శుక్రవారం సాయంత్రం ఒకాయన మావయ్య కొట్టు ముందు నిలబడి, “నా డబ్బా మూత నా ఎదురుగా తీయండి, లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటాను” అన్నాడట. రోజూ వచ్చి టీ తాగి వెళ్ళే మావయ్య శనివారం రాలేదు. పెద్దమ్మ కప్పు కడిగి బోర్లించింది.

ఆదివారం పదింటికి సమావేశం. ఎనిమిదింటికి నేను పేపరు ఇవ్వడానికి కిందికి దిగేసరికి పెదనాన్న కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. జాబితా ప్రింటు తీసుకోవాలి. పెద్దమ్మ కుర్చీలోంచి లేవట్లేదు. స్క్రీను మీద ఆవిడ బొమ్మలు ఇరవై రెండు తెరిచి ఉన్నాయి.

“అవన్నీ మూసెయ్.”

“ఇవాళ ఒక్క బొమ్మ మూసినా ఊరుకోను. సాయంత్రానికి పంపాలి. కావాలంటే వీటి పక్కనే తెరుచుకుని తీసుకోండి.”

మా పెద్దమ్మ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆయన కూడా అంతకుముందెప్పుడూ విన్నట్టు లేడు. వంగి జాబితా తెరిచాడు. తెరుస్తూ అలవాటు కొద్దీ వాచీ నొక్కాడు.

పన్నెండు సెకన్లు.

నోటుబుక్కులో రాయబోయి ఆగాడు. పేజీలు వెనక్కి తిప్పాడు. మొదటి పేజీలో, ర్యామ్ వేయకముందు రాసిన ఒక వరుస ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ఆ రోజు ఆయన బొమ్మలు మూయడం మర్చిపోయాడు. జాబితాకి మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. పక్కన ఆయన చేతిరాతే, ‘పళ్ళెం శుభ్రంగా లేదు. చెల్లదు.’

జాబితా మూసి మళ్ళీ తెరిచాడు. వరసగా మూడుసార్లు. పన్నెండు దాటలేదు. మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

“ఖాళీ కాటా తూచాను” అన్నాడు. “అన్ని రోజులూ ఖాళీ కాటానే తూచాను.”

“మీ కొలతల సంగతి నాకు తెలీదు. బాగా నడుస్తోందని చెప్పాను, సాక్ష్యం చెల్లదన్నారు” అంది పెద్దమ్మ, స్క్రీను మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ముఖం చూస్తే నాకు జాలి వేసింది. జాలి పడకూడదనుకున్నాను, అయినా వేసింది.

సమావేశంలో ఆయన నీళ్ళు నమల్లేదు, అది మాత్రం చెప్పుకోవాలి. లేచి నిలబడి కొట్టేసిన వరుసతో సహా నోటుబుక్కంతా చదివాడు. “ఇందులో దొంగ కాటా నాది. ఆయన పనిలో లోపం లేదు. నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను” అని కూర్చున్నాడు. పని మావయ్యకే ఇచ్చారు. మావయ్య చివరి వరుసలోంచి లేచి అందరికీ దణ్ణం పెట్టాడు, బావకి కూడా అందరితో పాటే.

కొట్టు నిలబడింది. గ్రంథాలయం కంప్యూటర్లు గుర్రాల్లా పరిగెడుతున్నాయి. అంతా సర్దుకుందనే అనుకున్నాం.

నెల తర్వాత ఇంట్లో కంప్యూటరు ఫ్యాను గరగరమంటోందని పెద్దమ్మ ఫోన్ చేసింది. మావయ్య వచ్చాడు. ఇదివరకైతే తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసేవాడు. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

“అదేంట్రా, రా లోపలికి” అన్నాడు పెదనాన్న.

లోపలికొచ్చి ఒక కుర్చీ లాగి డబ్బా పక్కన వేశాడు. “కూర్చో బావా. నువ్వు కూర్చున్నాకే మూత విప్పుతాను.”

“నాకెందుకురా? నువ్వు కానీ.”

“కూర్చో బావా.”

పెదనాన్న కూర్చున్నాడు. మావయ్య మూత విప్పాడు, దుమ్ము దులిపాడు, ఫ్యాను మార్చాడు. ఈల వేయలేదు. తీసిన ప్రతి మరా ఆయన కళ్ళ ముందు పెట్టి చూపించాడు. పని అయ్యాక సంచీలోంచి ఒక కాగితం తీశాడు. ఏం తీశాడో, ఏం వేశాడో, ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి ముగించాడో వరసగా రాసి, కింద గీత గీసి ఇచ్చాడు.

“సంతకం పెట్టు బావా.”

మా పెదనాన్న కళ్ళజోడు కోసం వెతకలేదు. చదవకుండా సంతకం పెట్టాడు. జన్మలో ఆయన చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

మావయ్య మాత్రం దాన్ని వెలుతురులో పెట్టి ఒకటికి రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.