ఎడమన ఒత్తితే కుడిన నొప్పి

నిరుడు రెండు రోజులపాటు కడుపునొప్పి నన్ను బాధించింది. మొదట బొడ్డు చుట్టూ, తరువాత కుడివైపు కింద. అలవాటు ప్రకారం వేళలతో సహా నోటుపుస్తకంలో రాసుకుని, మా ఆవిడతో చిక్కడపల్లిలోని ఒక క్లినిక్‌కు వెళ్లాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పుస్తకం చదివి పక్కన పెట్టి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట ఎడమవైపు ఒత్తసాగింది. నాకు ఒళ్లు మండింది.

"నొప్పి కుడివైపని స్పష్టంగా రాశాను కదమ్మా! చదవలేదా?" అంటూ లేవబోయాను.

"చదివిన సార్. జర పండుకోండ్రి," అని ఇంకాస్త లోతుగా ఒత్తింది.

కుడివైపున ప్రాణం పోయినంత నొప్పి! కెవ్వున అరిచాను. ఆమె చెయ్యి చూస్తే ఎడమవైపే ఉంది. ముట్టుకోని చోట నొప్పేమిటి?

"గిది ఏ పేజీల రాస్తరు?" అంది మా ఆవిడ.

"అపెండిక్స్ వాచినట్టుంది. ఆలస్యమైతే పగులుతది, ఇప్పుడే పెద్ద దవాఖానకు పోండ్రి," అంది డాక్టరమ్మ.

స్కానింగులోనూ అదే తేలింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది.

ఎడమన ఒత్తితే కుడిన నొప్పెందుకో డాక్టరమ్మ తరువాత వివరించింది. రాసుకున్నాను కానీ, ఎన్నిసార్లు చదివినా బోధపడలేదు. ఆనాడు కోపంతో ఆ బల్ల దిగి వచ్చేసి ఉంటే మాత్రం, ఆ పుస్తకంలో మిగతా పేజీలు ఖాళీగా ఉండేవి.