ముప్పై ఒక్క స్టేజీల దారి

మా డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. కండక్టరమ్మ అంటే ఆమే. ఆమె తర్వాత ఇంకో నలుగురు ఆడవాళ్లు అదే ఉద్యోగంలో చేరారు గానీ వాళ్లను పేర్లతోనే పిలిచేవాళ్లం. ఆమె పందొమ్మిదేళ్లు ఏడో నంబరు రూటులో తిరిగింది. నూట ఎనభై కిలోమీటర్లు, ముప్పై ఒక్క స్టేజీలు. టికెట్టు లేకుండా దిగిపోదామని చూసేవాణ్ణి ఆమె తిట్టేది కాదు. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగి, "పాపం ఈ బాబుకి గొంతు పోయినట్టుందండీ, ఏ ఊరో చెప్పలేకపోతున్నాడు" అనేది. బస్సంతా నవ్వేది. వాడు తలవంచుకుని టికెట్టు తీసుకునేవాడు.

ఆ బస్సును పంపించే కంట్రోలర్‌ని నేను. కిటికీలోంచి రోజూ ఆమె చేతికి ట్రిప్పు షీటు అందించేవాణ్ణి. ఒక వానాకాలం ఉదయం అలాగే అందించాను. రెండు గంటలు తిరక్కముందే ఫోను వచ్చింది. ముందు టైరు పేలి బస్సు కల్వర్టు పక్కకు ఒరిగిపోయింది. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి ఉన్న కండక్టరమ్మ బయటికి విసిరినట్టు పడింది. వెన్ను విరిగింది. నడుము కింద నుంచి ఆమెకు ఇక ఏ స్పర్శా తెలియదని డాక్టర్లు చెప్పేశారు.

డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేలింది. అయినా ఆయన మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. గ్యారేజీలో టైర్లకు గాలి చూసే పని అడిగి మరీ వేయించుకున్నాడు. మనిషికి మాట తగ్గిపోయింది. భోజనాల వేళ ఒక్కడే టైర్ల గుట్ట పక్కన కూర్చునేవాడు.

కండక్టరమ్మ ఆస్పత్రిలో ఏడు నెలలు ఉంది. వెన్ను దెబ్బల వార్డులో పద్నాలుగు మంచాలు, రెండు గాలి పరుపులు. మోటారు ఆ పరుపులోని గొట్టాల్లో గాలిని అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది, అందువల్ల ఒంటి బరువంతా ఒకే చోట ఆనదు. స్పర్శ లేనివాళ్లకు అది పరుపు కాదు, ప్రాణం. ఒకే చోట ఒత్తుకుంటే చర్మం కమిలి పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి పుండు పడిందనీ తెలియదు.

ఆమె పక్క మంచం మీద ఒక పెయింటరు పిల్ల ఉండేది. ఇరవై మూడేళ్లు. మూడో అంతస్తు గోడకు రంగు వేస్తూ పడిపోయింది. పొద్దుపోక కండక్టరమ్మ చేత స్టేజీల పేర్లు వరసగా చెప్పించుకునేది. "మా ఊరు వచ్చినప్పుడు ఆపండి, దిగాలి" అనేది. ఆ పిల్లకు పిరుదు మీద పుండు పడింది. బుధవారం పరుపు ఖాళీ అవుతుంది, నీకే వేస్తామన్నారు. సోమవారానికి చీము రక్తంలోకి ఎక్కింది. బుధవారం పరుపు ఖాళీ అయింది గానీ ఆ పిల్ల లేదు.

మూడేళ్ల తర్వాత కండక్టరమ్మ చక్రాల కుర్చీలో నా కిటికీ దగ్గరికి వచ్చింది. వెనక ఆమె చెల్లెలు. చెల్లెలిది బడి యూనిఫారాలు కుట్టే పని. అక్క పడిపోయాక కుట్టుమిషను ఎత్తుకుని ఆమె ఇంటికే వచ్చేసింది.

"కంట్రోలర్ గారూ, నేను మళ్లీ ఏడో నంబరులో వెళ్తాను" అంది కండక్టరమ్మ.

"ఎక్కిస్తాం అమ్మా, నలుగురం పట్టుకుంటే ఎంతసేపు."

"బస్సులో కాదు. ఈ కుర్చీలో. మొదటి స్టేజీ నుంచి చివరి స్టేజీ దాకా. ప్రతి స్టేజీలోనూ ఆ వార్డుకి ఒక గాలి పరుపు అడుగుతాను. నన్ను ఎరగనివాళ్లు ఆ రూటులో లేరు కదా."

చెల్లెలు గోడవైపు చూస్తూ నిలబడింది. అప్పటికే ఇంట్లో ఆ వాదన జరిగి, ఆమె ఓడిపోయి వచ్చిందని నాకు అర్థం కాలేదు.

నాకు ఉత్సాహం వచ్చింది. ఆ మాట దాచను. సెలవు పెట్టి ఆ రూటంతా తిరిగాను. ఆమె కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు. టేపు పట్టుకుని దారిలో ఉన్న మరుగుదొడ్ల తలుపులన్నీ కొలిచాను. ముప్పై ఒక్క స్టేజీల్లో ఆ కుర్చీ పట్టే తలుపులు నాలుగే ఉన్నాయి. ఒకచోట నేను తలుపు కొలుస్తుంటే లోపల ఉన్న మనిషి భయపడి బయటికే రాలేదు. ఈ సంగతి చెబితే కండక్టరమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వాక, "అయితే నీళ్లు తక్కువ తాగుతాను" అంది.

"తాగకపోతే జ్వరం వస్తుంది. నర్సు చెప్పింది నీకు కాదా?" అంది చెల్లెలు.

రోజుకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున పదిహేను రోజులని లెక్క వేసుకున్నాం. కుర్చీ ముందు చిన్న చక్రాలు ప్రతి గుంటలోనూ ఇరుక్కుంటుంటే మా గ్యారేజీ వెల్డరు ఇనప కమ్మీతో ముందుకు ఒక పెద్ద చక్రం బిగించి, ఆ చిన్నవి నేలకు తగలకుండా లేపాడు. అరచేతులు బొబ్బలెక్కకుండా తోలు గ్లవ్స్ కుట్టించాం. తెల్లవారి ఆరింటికల్లా చెల్లెలు ఆమెను లేపి, ఒళ్లు తుడిచి, మూత్రం గొట్టం సరిచేసి, కుర్చీలోకి ఎత్తేది. బయట డ్రైవరు సైకిలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఆయనను రమ్మని ఎవరూ అడగలేదు. సైకిలుకు పంపు, రెండు ట్యూబులు కట్టుకుని వచ్చేవాడు. ఆమె ముందు, ఆయన ఇరవై అడుగులు వెనక. తోసేవాడు కాదు. మాట్లాడేవాడు కాదు.

సాధన మొదలుపెట్టిన మొదటి రోజు ఆమె రెండో స్టేజీ దాకా కూడా వెళ్లలేకపోయింది. చెమటతో తిరిగొచ్చి నాతో అంది: "పందొమ్మిదేళ్లు తిరిగాను, ఆ చెరుకు మిల్లు దగ్గర రోడ్డు ఎత్తు ఉందని నాకు తెలియదు. ఇంజనుకే తెలుసన్నమాట."

ఆరు నెలలు గడిచేసరికి ఆమె రోజుకు పదకొండు కిలోమీటర్లు తిరుగుతోంది. భుజాలు గట్టిపడ్డాయి. నేను పోస్టర్లు అచ్చు వేయించాను. బస్సు దగ్గర సంచీ వేసుకుని నిలబడ్డ పాత ఫోటో, కింద బయలుదేరే తేదీ. ప్రతి బస్సు వెనకాలా అంటించాం. స్టేజీల నుంచి ఫోన్లు వచ్చాయి. ఒకచోట ఆటోవాళ్లు, ఇంకోచోట మందుల షాపువాళ్లు, ఒక కాలేజీ, ఒక రైసు మిల్లు. ఆమె మా ఊరు దాకా వస్తే ఒక పరుపు మాది, అన్నారు. పన్నెండు పరుపులకు మాట వచ్చింది. నేను ఆ జాబితా రోజుకు రెండుసార్లు చదువుకునేవాణ్ణి.

కుర్చీలో కూర్చున్నవాళ్లు ఇరవై నిమిషాలకోసారి రెండు చేతుల మీదా ఒంటిని పైకి లేపి, కాసేపు అలాగే ఉంచాలి. కింద చర్మానికి రక్తం ఆడాలి. ఇంట్లో ఆమె అది తప్పేది కాదు. రోడ్డు మీద మాత్రం చేతులు చక్రాలకే సరిపోయేవి. ఆగితే మళ్లీ ఊపు అందుకోవడం కష్టం. ముందు ఒకటి మానేసింది, తర్వాత రెండు, తర్వాత ఇంటికి వచ్చేదాకా లేపడమే మానేసింది. ఈ సంగతి డ్రైవరుకు తెలుసు. వెనక నుంచి చూస్తూనే ఉన్నాడు. ఒకసారి, "అమ్మా, లేవలేదు మీరు" అన్నాడట. "ఆ మలుపు దాటాక లేస్తాను అన్నా" అని ఆమె అందట. మలుపు దాటాక ఆయన మళ్లీ అడగలేదు.

బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు చెల్లెలు నా కిటికీ దగ్గరికి ఒక్కతే వచ్చింది.

"ఆ పోస్టర్లు వేయించింది మీరేనా?"

"నేనేనమ్మా. ఏం, తప్పేమైనా పడిందా?"

"తేదీ ఎందుకు వేశారు?"

ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. నాలుగు రోజుల కిందట కుర్చీ మెత్త తొడుగు మీద మరక కనిపించింది. తిప్పి చూస్తే కుడి పిరుదు మీద రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ నల్లబడి ఉంది. అక్క ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. కట్టు కట్టుకుని రోజూ రోడ్డు మీదికి వెళ్తూనే ఉంది. ఈ పొద్దున వణుకుతూ జ్వరం వచ్చింది.

"తేదీ అచ్చయిపోయిందే, బస్సులన్నిటి మీదా ఉందే, ఇప్పుడెలా ఆగను అంటోంది. మీరు వచ్చి చెప్పండి. నా మాట వినదు."

నేను వెళ్లాను. కండక్టరమ్మ బోర్లా పడుకుని ఉంది. నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. పోస్టర్లు తీయించేస్తున్నానని చెప్పాను. ఆమె దిండు కొసను పళ్ల మధ్య పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చాం. అదే వార్డు.

ఆమెను ఎరిగిన హెడ్ నర్సు రాగానే గాలి పరుపు వేయించింది. మూడు రోజులకు జ్వరం దిగి తెరిపిన పడ్డాక కండక్టరమ్మ అడిగింది.

"ఈ పరుపు ఎవరిది?"

"ఎవరిదేమిటి, వార్డుది."

"నేను రాకముందు ఎవరి కింద ఉంది?"

హెడ్ నర్సు దుప్పటి సర్దుతూ, "ఆ చివరి మంచం పెద్దావిడ కింద" అంది.

"ఆవిడది ఆవిడకి వేసేయండి."

"ఆవిడకి ఇంకా పుండు పడలేదు. నీకు పడింది. పడినవాళ్లకే ముందు."

"పడకుండా ఉండడానికే కదమ్మా అది."

"ఆ మాట నాకు చెప్పకు. రోజూ నేను అనుకునేదే అది."

చివరి మంచం పెద్దావిడ సంగతి కండక్టరమ్మ నాకు ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. అయిదు వారాలకు ఆ మంచం ఖాళీ అయింది అని మాత్రం అంది. ఇంటికి పంపారా అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నాలుగు నెలలు ఆమె బోర్లానే ఉంది. ఈలోపు నా జాబితా కరిగిపోయింది. ఫోను చేస్తే, ఆమె వచ్చినప్పుడు చూద్దాం లెండి, అనేవాళ్లు. రైసు మిల్లు చేతులు మారింది. కాలేజీలో మాట ఇచ్చినాయనకు బదిలీ అయింది. పన్నెండులో నాలుగు మిగిలాయి.

ఇంటికి వచ్చాక కండక్టరమ్మ కుర్చీ ఊసు ఎత్తలేదు. భుజాలు జారిపోయాయి. నిండు చెంబు ఎత్తలేకపోయేది. నేను వెళ్లినప్పుడల్లా డిపో సంగతులు అడిగేది, వినేది కాదు. మూడో నెలలో ఒక ఆదివారం నేను అక్కడ ఉండగానే, "చెల్లీ, రేపు ఆరింటికి లేపుతావా" అంది.

చెల్లెలు మిషను తొక్కడం ఆపింది. "దేనికి?"

"రోడ్డు మీదికి."

"నన్ను ఒక్కసారైనా అడిగావా అక్కా? మొదట్లో ఏడు నెలలు, ఇప్పుడు నాలుగు నెలలు. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నది నేను. ఆ పుండు కడిగింది నేను. పోస్టరు మీద నువ్వున్నావు, సరే. నన్నెవరూ అడగలేదు."

కండక్టరమ్మ, "ఇప్పుడు అడుగుతున్నాను" అంది. "నువ్వు వద్దంటే మానేస్తాను. మళ్లీ ఎత్తను ఆ మాట."

చెల్లెలు చేతిలో ఉన్న నిక్కరు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. తర్వాత తన షరతులు చెప్పింది. పోస్టర్లు ఉండకూడదు. తేదీ ఉండకూడదు. ఇరవై నిమిషాలకోసారి తను ఆపమంటే ఆగి, చేతుల మీద లేవాలి. ప్రతి స్టేజీలో పడుకోబెట్టి తను చూస్తుంది. ఎర్రమచ్చ కనపడితే అక్కడి నుంచే వెనక్కి. ఎవరితోనూ వాదన లేదు.

"సరే" అంది కండక్టరమ్మ.

మళ్లీ ఇంటి ముందు వీధి నుంచి మొదలుపెట్టింది. ఆ చలికాలానికి రోజుకు తొమ్మిది కిలోమీటర్లు వచ్చింది. అంతకు మించి కుడి భుజం ఒప్పుకోలేదు. ఒక మంగళవారం పొద్దున బయలుదేరింది. సాగనంపడానికి వెల్డరు, నేను, అంతే. ఆమెను మధ్యమధ్య పడుకోబెట్టడానికి వెంట ఒక పాత వ్యాను మాట్లాడాం గానీ, దాన్ని ఇరవై రోజులు మనిషి నడక వేగంతో నడపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. డ్రైవరు వచ్చి తాళం అడిగాడు. సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టి, చాలాసేపు ఊరికే ఉండిపోయాడు. కండక్టరమ్మ రోడ్డు మీద వెనక్కి తిరక్కుండా ఎదురుచూసింది. ఎవరమూ ఆయనను తొందరపెట్టలేదు. తర్వాత ఇంజను మోగింది.

ఏడు రోజుల్లో పదకొండో స్టేజీ దాకా వెళ్లారు. ఆ ఏడు రోజుల సంగతి చెల్లెలు చెబితే విన్నాను. ఒకచోట పాత ప్రయాణికులు పది మంది దారి పొడుగునా నడిచారట. ఇంకోచోట ఎవరూ పట్టించుకోలేదట, కుర్చీ చూసి ముష్టి అడగడానికి వచ్చిందనుకుని ఒకాయన చేత్తో పొమ్మన్నాడట. ఎనిమిదో రోజు పొద్దున చెల్లెలు వ్యానులో అద్దం పట్టి చూసింది. పాత మచ్చ పక్కనే చర్మం ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే తెల్లబడలేదు, అంటే లోపల పుండు మొదలవుతోందన్నమాట. అద్దం అక్క చేతికి ఇచ్చింది. కండక్టరమ్మ కూడా చూసుకుంది.

"తిప్పమను బండి" అంది.

ఆ పదకొండు స్టేజీల్లో, పాత జాబితాలోవీ దారిలో అడిగితే వచ్చినవీ కలిపి, పరుపులు అయిదు. మిగతా ఇరవై స్టేజీలవాళ్లు ఆమె రాలేదు కాబట్టి ఇవ్వలేదు. వాళ్లను ఏమనడానికీ లేదు, మాట అలాగే అనుకున్నాం.

పరుపులు దింపడానికి వార్డుకు నేను కూడా వెళ్లాను. కండక్టరమ్మ రాలేదు, మళ్లీ బోర్లా పడుకుని ఉంది, ఈసారి ఇంట్లోనే. పాతవి రెండు, కొత్తవి అయిదు. హెడ్ నర్సు ఒక్కొక్క మంచం దగ్గరా మోటారు పెట్టించుకుంటూ వచ్చింది. ఆరు మోటార్లు పనిచేశాయి. ఏడోదానికి వార్డులో ప్లగ్గు లేదు. గోడకు ఉన్నవే ఆరు. ఎలక్ట్రీషియన్ కోసం కాగితం రాసి పంపుతామన్నారు. అప్పటిదాకా ఆ పరుపు మడతపెట్టి బీరువా మీద ఉంచారు.

ఇది జరిగి రెండు నెలలైంది. కండక్టరమ్మ ప్రతి శుక్రవారం హెడ్ నర్సుకు ఫోను చేసి, ప్లగ్గు పెట్టారా అని అడుగుతోంది.