చిప్ పోయాక, గట్టిగా చెప్పలేదన్నారు

నాకు తెలిసి బీదర్‌లో లాప్‌టాప్‌లు బాగుచేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. పోయిన నెల మన్నాఏఖేళ్ళి నుంచి ఒక పెద్దమనిషి తన కూతురి పాత లాప్‌టాప్ తెచ్చారు. అడుగున చెయ్యి పెడితే కాలుతోంది. ఫ్యాన్‌లో దుమ్ము అట్టకట్టిందని, విప్పి శుభ్రం చేసి, చిప్ మీద ఎండిపోయిన, వేడి లాగే పేస్టు మార్చకపోతే స్క్రీన్ మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ చిప్ పోతుందని చెప్పాను. ఆయన దుకాణమంతా కలియజూశారు.

"మగోళ్ళెవ్వరు లేరా అమ్మా?" అని అడిగి, లాప్‌టాప్ తీసుకుని వెళ్ళిపోయారు.

ఈ రోజు మధ్యాహ్నం కూతురిని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు. స్క్రీన్ నిండా గీతలే. ఇంకో దుకాణంలో ఫ్యాన్ ముట్టుకోకుండా చిప్‌కు వేడిగాలి పట్టి, అప్పటికి నడిచేలా చేసి ఇచ్చారట. పదిరోజులు నడిచి ఆగిపోయింది. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని ఈ లాప్‌టాప్‌లోనే పుస్తకాలకు పేజీలు కూర్చే పని చేస్తుంది. అనుకున్న రోజుకు ఇవ్వలేకపోయిందని ఆ పని వేరేవాళ్ళకు ఇచ్చేశారట.

"అక్కా, మళ్ళ నడుస్తదా?" అని మెల్లగా అడిగింది.

"నడ్వదు బిడ్డా. నీ ఫైళ్ళన్ని మాత్రం తీసిస్త" అన్నాను.

ఆయనకు నా మీద కోపం వచ్చింది. "గా దినం జర గట్టిగ చెప్పాలె గదమ్మా! ఏదో మెల్లగ అంటివి."

అమ్మాయి సిగ్గుతో తల దించుకుంది. నేను ఫైళ్ళు తీయడానికి స్క్రూలు విప్పాను.

ఆడది చెప్పింది చెవికెక్కాలంటే ఎంత గొంతు కావాలో తెలిసినవాళ్ళుంటే కింద రాయండి. పదకొండేళ్ళుగా దుకాణం నడుపుతున్నాను, నాకైతే తెలియలేదు.