రాసే ముందు ఒక గుక్క

కొల్లేటి ఊళ్ళలో ఇంటింటి కుళాయిల తనిఖీకి నన్ను ఏలూరు ఆఫీసు నుంచి పంపేవారు. ఒక ఊళ్ళో చేపల చెరువుల మీద కూలికి వెళ్ళే పెద్దావిడ ఉండేది. ఫోనులో ఫారం తెరిచి, "నీళ్ళు వస్తున్నాయా అండీ?" అని అడిగితే ఆవిడ అవుననీ కాదనీ చెప్పేది కాదు. కుళాయి తిప్పి, స్టీలు గ్లాసు నింపి, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినంత మర్యాదగా అందించేది.

"రాసే ముందు ఒక గుక్క తాగండి బాబూ."

ఆ నీళ్ళు పచ్చగా ఉండి చెరువు వాసన వేసేవి. నేను నవ్వి, సంచిలో ఉన్న నా సీసా చూపించేవాణ్ణి. ఫారం అడిగింది నీళ్ళు వస్తున్నాయా అనే. వస్తున్నాయి కాబట్టి టిక్కు పెట్టేవాణ్ణి. కింద రిమార్కుల గడి ఒకటుండేది. అందులో ఏదైనా రాస్తే మళ్ళీ నన్నే వెళ్ళమంటారని ఎప్పుడూ ఖాళీగా వదిలేశాను.

చివరిసారి వెళ్ళినప్పుడు నా సీసా ఖాళీ అయిపోయింది. ఆవిడ అది చూసి, నేనడక్కుండానే కుళాయి దగ్గర నింపి తెచ్చింది.

"ఎండన పడి వెళ్తున్నారు. దారిలో తాగండి."

ఊరు దాటాక చెరువు గట్టు మీద బండి ఆపి సీసాలో నీళ్ళు కింద ఒంపేశాను. తలెత్తితే, అడ్డదారిన పనికి వెళ్తున్న ఆవిడ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

"పోన్లెండి బాబూ," అంది నెమ్మదిగా. "ఇప్పుడైనా రాస్తారా?"

రాస్తానండీ అన్నాను. ఫారం అప్పటికే పంపేశాను.