పెంచలయ్య గారు ఒప్పుకున్న తప్పు

సాయంత్రం ఇస్త్రీపెట్టె ప్లగ్గు దగ్గర వైరు వేడెక్కి కమురు వాసన వచ్చింది. మెయిన్ ఆపేసి, పాపను ఎత్తుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. "ఇంత దానికేనా?" అన్నారు మా ఆయన. ప్లగ్గు మార్చారు. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోతున్నారు. ఆ వాసన వచ్చిన రోజు నాకు నిద్ర రాదు, పెంచలయ్య గారు గుర్తొస్తారు. ఆయన్ని ఎరిగినవాళ్లు ఒక మనిషి చావుకు కారణమై జైలుకు పోయాడంటారు, లేదా లాయరు మాట వినని పిచ్చివాడంటారు. నాకు ఆయన మొదటి యజమాని.

డిగ్రీ అయ్యాక తోటపల్లి గూడూరు దగ్గర ఆయన రొయ్యల గుంటల మీద నీళ్లు పరీక్షించే పనిలో చేరాను. నీళ్లలో ఉప్పెంత, ఆక్సిజన్ ఎంత అన్నది చూసి చెప్పాలి. మొదటి రోజు కట్ట మీద నిలబడే సీసా ముంచుతుంటే ఆయన చూశారు. "రొయ్య ఉండేది అడుగున గదమ్మా, పైనీళ్లు నీకెందుకు?" అని, పంచె ఎగ్గట్టి తానే దిగి అడుగునీళ్లు తీసిచ్చారు. ఒకసారి రీడింగు బాగా పడిపోతే, ఆయన కంగారుపడతారని కొంచెం పెంచి చెప్పాను. కనిపెట్టేశారు. "నేను బాధపడతానని నీళ్లు బాగవుతాయా? ఉండేది ఉండేట్టు చెప్పు" అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆయనకు అబద్ధం చెప్పలేదు.

గుంటల్లో దిగి మేత పళ్లేలు ఎత్తి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే పని వెంకటమ్మక్కది. నడుముల్లోతు నీళ్లలో నిలబడి నన్ను చూసి నవ్వేది. "ఏం పాపా, నీ నీళ్లకి ఇయాల జొరమా?" అనేది. గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు ఆమె పక్కనే తిరుగుతుండేవి. వాటి వైర్లు తెగినచోట అతుకు వేసి, మేత సంచి ప్లాస్టిక్ చుట్టి, నీళ్లలో పాతిన సర్వి కర్రకు కట్టేవాళ్లు. అన్ని గుంటల మీదా అదే పద్ధతి. మోటార్లు ఆపకుండానే మనుషులు దిగడం కూడా పద్ధతే.

ఒక వారం మబ్బు పట్టింది. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. మూడో రోజు సాయంత్రం నాలుగో గుంటలో సీసా ముంచితే వేళ్లు జివ్వుమన్నాయి. పెంచలయ్య గారికి రెండు విషయాలూ చెప్పాను. ఆక్సిజన్ బాగా తగ్గింది. నీళ్లలో కరెంటు తగులుతోంది.

ఆయన మొదటిదే విన్నారు. "ఇప్పుడు మోటార్లు ఆపితే రొయ్యంతా తేలిపోద్ది. మబ్బు విడవనీ, అతుకులు మార్పిద్దాం" అన్నారు. చెప్పేశాను కదా అనుకుని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున వెంకటమ్మక్క నాలుగో గుంటలో దిగింది. పళ్లెం తాడు అందుకోబోతూ అలాగే నీళ్లలోకి ఒరిగిపోయింది. ఎవరో స్టార్టర్ పెట్టె దగ్గరికి పరుగెత్తి మోటార్లు ఆపారు. కట్ట మీదికి లాగేసరికి ప్రాణం లేదు.

పోలీసులు నా వాంగ్మూలం తీసుకుంటారనగా పెంచలయ్య గారి బామ్మర్ది మా ఇంటికి వచ్చాడు. "దిగబాకని బావ చెప్పినా దిగిందని చెప్పు పాపా. బావ జైలుకు పోతే గుంటల మీద బతికేవాళ్లంతా ఏమైపోతారు?" అన్నాడు. మా అమ్మ కూడా తలూపింది. నాకూ అదే తేలికనిపించింది.

ఆ సాయంత్రమే పెంచలయ్య గారు వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మావోడు చెప్పింది చెప్పబాక. నువ్వు నాకేం చెప్పినావో, నేనేమన్నానో, అట్నే రాయించు."

"మీకు శిక్ష పడుతుంది సార్."

"పడనీ. దిగబాకంటే దిగిందని రాస్తే, చచ్చిపోవడం కూడా ఆమె తప్పయిపోద్ది. ఆమె బిడ్డలు బతికినన్నాళ్లూ అదే ఇంటారు."

నెల్లూరు కోర్టులో, నిర్లక్ష్యంతో ఒకరి మరణానికి కారణమైన నేరం ఒప్పుకుంటున్నారా అని మేజిస్ట్రేటు అడిగారు. లాయరు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా ఆయన ముందుకు వచ్చారు. "ఒప్పుకుంటుండానయ్యా. ముందురోజే చెప్పినారు. నేను రొయ్యను చూసుకున్నా, మనిషిని చూసుకోలా" అన్నారు. ఏడాది జైలు పడింది. బయట వెంకటమ్మక్క భర్త ఎవరి వైపూ చూడకుండా, "ఒప్పుకుంటే మాత్రం అది లేచొస్తదా" అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన విడుదలై వచ్చాక చూడడానికి వెళ్లాను. అప్పుడు నాకు ఏడో నెల. ఆయన బాగా చిక్కిపోయారు. గుంటలు వేరేవాళ్లకిచ్చేశారు. ఎన్నాళ్లుగానో నాలో నలుగుతున్నది అడిగేశాను. "నేను ఇంకోసారి గట్టిగా చెప్పుంటే ఆపేవారా సార్?"

"తెలీదమ్మా. ఆపుంటానంటే అబద్ధమవుద్దేమో. కానీ ఆమెకు చెప్పుంటే ఆమె దిగుండదు. ఆ మాట నేను చెప్పాల్సింది."

"నేనూ చెప్పాల్సింది" అన్నాను.

కాదంటారేమోనని ఎదురుచూశాను. ఆయన కాదనలేదు. మజ్జిగ గ్లాసు నా వైపు జరిపారు.

అప్పటికే మా అమ్మ, మా ఆయన, చివరికి పోలీసులు కూడా, నీ తప్పేముంది అన్నారు. అలా అనని మనిషి ఆయనొక్కరే. అందుకేనేమో, ఇప్పటికీ ఏ గుంట మీద ప్రమాదం కనిపించినా యజమానికి చెప్పి ఊరుకోలేను. దిగబోయే మనిషి ఎవరో వెతుక్కుంటూ వెళ్లి చెబుతాను. విసుక్కుంటారు, నవ్వుతారు. నాకూ ఓపిక ఉండదు. అయినా వెళ్తాను.